వచ్చే వారం వాతావరణం: కోద్దామా, ఆగుదామా?

నవంబరు నెల సగం దాటిందంటే కోస్తా పల్లెల్లో ఎవరు ఎదురుపడినా ఒకటే మాట. "వచ్చే వారం ఎట్టా ఉంటుందంట?" సార్వా వరి కోతకొచ్చి ఉంటుంది. కూలీలు దొరికిన రోజు వాన ఉండకూడదు, వాన లేని రోజు కూలీలు దొరకాలి. ఈ రెండూ కలవక పోగొట్టుకున్న పంట ఎంతో ఉంది.

రేపల్లె పక్క ఒక ఊళ్లో నాలుగెకరాలు కౌలుకు చేసే పెద్దాయన ఒకరున్నారు. 2023లో పంట ఎలా పోయిందో ఆయన చేను గట్టు మీద కూర్చుని చెప్పుకొచ్చారు.

"శనివారం కూలోళ్లు దొరికారు అబ్బాయ్. ఆకాశం అద్దంలా ఉంది. వాయుగుండం అని చెప్పారు గానీ, అది ఎక్కడో సముద్రంలో ఉంది, మనకేం వస్తుందిలే అనుకున్నా. నాలుగెకరాలూ కోయించా. మంగళవారానికి పనలు నీళ్ల మీద తేలాయి."

"మరి పక్క చేను సంగతేంటి బాబాయ్?" అని అడిగాను.

"ఆయనకి ఆ రోజు కూలోళ్లు దొరకలా. చేను పడిపోయింది గానీ, నీళ్లు తీసేసి, లేపి కట్టలు కట్టుకున్నాడు. రంగు మారినా నాలుగు బస్తాలు ఇంటికి చేరాయి. నాకు గడ్డి కూడా మిగల్లా."

ఆయన చెప్పిన మంగళవారం 2023 డిసెంబరు 5. మిచాంగ్ తుపాను బాపట్లకు దక్షిణంగా తీరం దాటిన రోజు. అది డిసెంబరు 1న వాయుగుండం, 2న తీవ్ర వాయుగుండం, 3న తుపాను అయింది. అంటే వాయుగుండం అన్న మాట వినపడ్డాక రైతు చేతిలో ఉన్నది నాలుగు రోజులే. కోసిన పన ఆరి కుప్పకెక్కడానికి కూడా దాదాపు అన్ని రోజులే పడుతుంది. పెద్దాయన నష్టమంతా ఈ లెక్కలోనే ఉంది.

బులెటిన్ మాటల్లో కొలత ఉంది

"కొన్ని చోట్ల మోస్తరు వర్షాలు" అంటే అది ఏదో తప్పించుకునే మాట అని మనవాళ్లు నవ్వుకుంటారు. నిజానికి వాతావరణ శాఖ వాడే ప్రతి మాటకూ ఒక కొలత ఉంది.

"ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందని. "కొన్ని చోట్ల" అంటే నాలుగో వంతు నుంచి సగం దాకా. "చాలా చోట్ల" అంటే సగం నుంచి ముప్పాతిక దాకా. "దాదాపు అన్ని చోట్ల" అంటే ఇక మన చేను తప్పించుకోవడం కష్టమనే.

వాన మోతాదు కూడా అంతే. ఒక రోజులో 7 నుంచి 11 సెంటీమీటర్లు పడితే భారీ వర్షం. 12 నుంచి 20 దాకా అతి భారీ. 20 దాటితే అత్యంత భారీ. ఒక సెంటీమీటరు వాన ఎకరాలో పడితే దాదాపు 40 వేల లీటర్ల నీరు. భారీ వర్షం అన్నారంటే తక్కువలో తక్కువ ఎకరాకు 2 లక్షల 80 వేల లీటర్లు. మీ బోదె ఆ నీటిని లాగుతుందా లేదా అన్నది వాన రాకముందే చూసుకోవాలి.

రంగులు కూడా గుర్తుంచుకోవాలి. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండమని. నారింజ అంటే సిద్ధంగా ఉండమని. ఎరుపు అంటే చేతల్లోకి దిగమని.

ఏడు రోజులూ ఒకే గట్టి కాదు

ఇప్పుడు వారం రోజుల ముందు సూచన అందుతోంది. అయితే ఏడు రోజులనూ ఒకేలా నమ్మకూడదు. మొదటి రెండు మూడు రోజుల మాట గట్టిది. దాని మీద కోత, నూర్పిడి నిర్ణయించుకోవచ్చు. నాలుగు, ఐదు రోజుల మాట కూలీలను, యంత్రాన్ని, బరకాలను మాట్లాడి పెట్టుకోవడానికి పనికొస్తుంది. ఆపై రోజులది సూచన మాత్రమే. దాన్ని ప్రతి రోజూ కొత్త బులెటిన్‌తో సరిచూసుకోవాలి.

ఎందుకంటే సముద్రంలో ఉన్నది చెప్పినట్టే రావాలని లేదు. 2013 నవంబరు 22న హెలెన్ మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. వెనకే లెహర్ వస్తోందన్నారు. సముద్రంలో అతి తీవ్ర తుపానుగా ఉన్న లెహర్, 28న మచిలీపట్నం దగ్గరకే వచ్చి వాయుగుండంగా బలహీనపడి దాటిపోయింది. "ఉత్తినే భయపెట్టారు" అన్నవాళ్లున్నారు. ఆ మాటే మరో ఏడాది కొంప ముంచుతుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమ తుపాను చూసిన తీరం మనది. రాని తుపానుకు జాగ్రత్త పడితే పోయేది రెండు రోజుల కూలి. వచ్చే తుపానుకు పడకపోతే పోయేది ఏడాది కష్టం.

గాలి వేగాన్ని బట్టి పేర్లు మారతాయి. గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 51 దాటితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను, 89కి చేరితే తీవ్ర తుపాను. పేరు చిన్నదైనా వాన చిన్నది కానక్కరలేదు. పండిన వరికి గాలి కన్నా నిలిచిన నీరే ఎక్కువ చేటు. మత్స్యకారులను వేటకు వెళ్లొద్దన్నారంటే ఆ రోజు నుంచే రైతు కూడా చెవి ఒగ్గి ఉండాలి.

చేలో ఏ దశలో ఉంటే ఏం చేయాలి

కోయని చేను: నాలుగు రోజుల్లో భారీ వర్షం ఉందంటే కోత వాయిదా వేయడమే మేలు. నిలిచిన చేను పడినా కొంత దక్కుతుంది, కోసిన పన నీట మునిగితే దక్కేది తక్కువ. చేలో నీరు ముందే తీసేసి, బోదెల్లో తూడు, గడ్డి లాగేయాలి. పడిపోయిన చేను నుంచి వెంటనే నీరు తీసి, దుబ్బులు లేపి కట్టలు కట్టాలి. గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల కళ్లుప్పు కలిపి వెన్నులు తడిసేలా పిచికారీ చేయాలి.

పన మీద ఉన్న చేను: ఆరి ఉంటే వానకు ముందే మెరక మీద కుప్ప వేసి బరకం కప్పాలి. తడిసిన పనలను మాత్రం కుప్ప వేయొద్దు. లోపల వేడి పుట్టి గింజ రంగు మారుతుంది. గట్ల మీదకు చేర్చి, అదే ఉప్పు ద్రావణం చల్లి, ఎండ రాగానే తిరగేయాలి.

నూర్చిన ధాన్యం: తడిస్తే పలచగా ఆరబోయాలి. ఎండ లేక పోగు పెట్టక తప్పకపోతే క్వింటాలుకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక గానీ ఎండుగడ్డి గానీ కలపాలి. కోత మిషను దొరికింది కదా అని పచ్చిగా కోయించేవారు ముందు ఆరబోసే చోటు, బరకాలు చూసుకోవాలి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించితే ఇబ్బందే.

ఎక్కడ తెలుసుకోవాలి

రైతుల కోసం వ్యవసాయ వాతావరణ బులెటిన్ వారానికి రెండు సార్లు, మంగళ, శుక్రవారాల్లో వస్తుంది. అందులో ఐదు రోజుల సూచనతో పాటు పంట సలహా ఉంటుంది. ఫోనులో మేఘదూత్ యాప్‌లో చూడొచ్చు. రైతు సేవా కేంద్రంలో అడగొచ్చు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేదు. వాయుగుండం ఉన్న రోజుల్లో మాత్రం పాత బులెటిన్ పట్టుకుని కూర్చోకూడదు. పొద్దునా సాయంత్రమూ కొత్తది వినాలి.

లేచి వస్తుంటే పెద్దాయన ఒక మాట అన్నారు. "ఇప్పుడు ఆకాశం చూసి కోయను అబ్బాయ్. ముందు వార్త వింటా, తర్వాత కూలోళ్లకి చెబుతా. వాళ్లు దొరికారని కోస్తే ఏమైందో చూశాగా."