జడ, బొట్టు, చున్నీ: గోదావరి పేటల్లో బడి బట్టల తగువు

బడి బట్టల గురించి పత్రికల్లో నడిచే చర్చ ఎప్పుడూ ఒకే గాడిన పోతుంది. క్రమశిక్షణ కావాలనే తల్లిదండ్రులు ఒక పక్క, పిల్లల ఇష్టం కాదనకూడదనే తల్లిదండ్రులు ఇంకో పక్క. రాజమండ్రి, భీమవరం, కాకినాడ లాంటి చోట్ల ఫీజులు కట్టి చదివించుకునే మధ్యతరగతికి ఈ రెండు పక్కలూ సరిపోతాయేమో గానీ, డెల్టా ఊళ్లలోని మాలపేట, మాదిగపేట తల్లిదండ్రులు ఈ లెక్కలో ఇమడరు. అక్కడ తగువు ఒకే ఇంట్లో తల్లికీ తండ్రికీ నాయనమ్మకీ మధ్య నడుస్తుంది. ముగ్గురూ పిల్ల బాగే కోరతారు, ముగ్గురి మాటా వేరు. ఏడు నుంచి తొమ్మిదో తరగతి దాకా, అంటే పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల వయసులో, ఇది బాగా ముదురుతుంది. ఈ మాటల వెనకున్నదేమిటో విడదీసి చూడకుండా డ్రెస్ కోడ్ మంచిదా చెడ్డదా అని అడిగితే వచ్చే జవాబు ఎవరికీ పనికిరాదు.

ముందుగా ఒక సంగతి. బట్ట అనేది మన జనానికి ఎప్పుడూ సొంత విషయంగా లేదు. ఎవరి పంచె మోకాలు దాటాలి, ఎవరి భుజాన కండువా ఉండాలి, ఎవరు చెప్పులు చేత్తో పట్టుకుని పెద్దవీధి దాటాలి అన్నది ఊరే నిర్ణయించింది. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ము మీద బట్ట కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలు కొట్లాడితే 1859లో గానీ రాజు దిగిరాలేదు. అదైనా సవర్ణ స్త్రీల తరహాలో కప్పుకోకూడదన్న షరతు మీద. 1927 డిసెంబరులో మహద్‌లో అంబేద్కర్ ఆడవాళ్లతో ప్రత్యేకంగా మాట్లాడినపుడు చీరకట్టు గురించి, ఒంటి నిండా వేసుకునే నాసిరకం లోహపు నగల గురించి చెప్పారు. చూడగానే ఫలానా కులమని తెలిసిపోయే గుర్తులు వదిలేయమన్నారు. స్వతంత్రం వచ్చాక కూడా, 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం నాలుగో సెక్షన్‌లో, నగలూ ముస్తాబూ చేసుకోకుండా అడ్డుపడడం నేరమని విడిగా రాయవలసి వచ్చింది. 1976లో దీని పేరే పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మారింది. బట్టల మీద నిషేధాలు లేకపోతే ఇలాంటి వాక్యం చట్టంలోకి ఎందుకు ఎక్కుతుంది?

ఈ చరిత్ర తెలిస్తే ఒక చిక్కుముడి విడిపోతుంది. పేటలో అప్పుచేసైనా పిల్లాణ్ణి కాన్వెంటులో వేసిన తండ్రి టై, బూట్ల గురించి ఎందుకంత పట్టుబడతాడు? ఉక్కపోసే గోదావరి ఊళ్లో పిల్లోడికి టై ఏమిటని నవ్వే మేధావులున్నారు. వాళ్ల నవ్వులో న్యాయం లేకపోలేదు. కానీ పేట మొదట్లో నిలబడ్డ విగ్రహం ఒంటి మీద ఉన్నది సూటూ బూటూ టై. చేతిలో పుస్తకం. ఆ విగ్రహం పెట్టుకున్నందుకు 2017లో పాలకోడేరు మండలం గరగపర్రులో దళితులు సాంఘిక బహిష్కరణకు గురయ్యారు. ఆ బట్టల విలువేంటో పేటకి ఎవరూ చెప్పక్కర్లేదు. కొడుకు మెళ్లో టై చూసుకున్న తండ్రికి ఉక్కపోత కనబడదు.

యూనిఫాం కావాలనే తల్లుల వాదన ఇంకా సూటిగా ఉంటుంది. రంగుబట్టల్లో పంపితే ఎవరింట్లో ఎన్ని జతలున్నాయో వారం తిరక్కుండానే తరగతి మొత్తానికి తెలిసిపోతుంది. అందరిదీ ఒకే గుడ్డయితే ఆ బాధ ఉండదు. ఈ మాట నిజమే. కాకపోతే ఇది సగమే నిజమని నా అభిప్రాయం. డెల్టాలో కమ్మ, రాజు, కాపు రైతుల పిల్లలు చాలా ఊళ్లలో సర్కారు బడి వదిలి బస్సెక్కి టౌను స్కూళ్లకి పోతున్నారు. ఊరి బడిలో మిగిలింది ఎక్కువగా మన పిల్లలు, బీసీల్లో బీదవాళ్ల పిల్లలు. అలాంటి ఊళ్లో పొద్దున్న రోడ్డు మీద నిలబడి చూస్తే ఏ రంగు చొక్కా ఏ వీధిదో చెప్పొచ్చు. కులాన్ని కప్పడానికి తెచ్చిన గుడ్డ, కులం ఆనవాలుగా మారిపోయింది. దీనికి బడి ఒక్కటే బాధ్యత వహించలేదు గానీ, యూనిఫాం వల్ల సమానత్వం వచ్చేసిందని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ రోడ్డు ఒకసారి చూడాలి.

గుడ్డ సంగతి ఇక్కడితో ఆపుదాం. ప్రభుత్వం యూనిఫాం ఇస్తూనే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం తర్వాత అది దయాదాక్షిణ్యం కూడా కాదు. 2020 అక్టోబరులో మొదలైన విద్యాకానుక కింద మూడు జతల గుడ్డ, బూట్లు, బెల్టు, సంచీ ఇచ్చారు. కుట్టుకూలి తల్లుల ఖాతాల్లో వేశారు, ఎనిమిదో తరగతి దాకా జతకి 40 రూపాయలు, తొమ్మిది పది తరగతులకి 80. జత 40 రూపాయలకి కుట్టే టైలరు ఎక్కడున్నాడో ఆ లెక్క వేసినవాళ్లే చెప్పాలి. మిగతాది కూలి డబ్బుల్లోంచి పోయింది. ప్రభుత్వం మారాక రంగూ మారింది, పథకం పేరూ మారింది.

అసలు తగువు గుడ్డ దగ్గర లేదు. గుడ్డ చుట్టూ అల్లుకున్న చిన్నచిన్న నిబంధనల దగ్గర ఉంది. అవి ఏ జీవోలోనూ కనబడవు. హెడ్మాస్టరో, పీఈటీనో, ప్రార్థన దగ్గర నిలబడ్డ టీచరమ్మో నోటితో చెప్పేవి.

జడ సంగతే చూడండి. ఆడపిల్ల రెండు జడలు వేసి, మడిచి, రిబ్బను కట్టుకు రావాలి. చెప్పడానికి తేలిక. ఆ జడ వేసేదెవరు? ఊడ్పుల కాలంలో తల్లి చీకటితోనే ముఠాతో కలిసి చేలోకి పోతుంది. బడి తెరిచేది జూన్‌లో, కాలవలకి నీళ్లొదిలేదీ అప్పుడే. కోనసీమలోనూ పశ్చిమ గోదావరిలోనూ చాలా పేటల్లో తల్లి ఇంట్లోనే లేదు, కువైట్‌లో ఇంకొకరి పిల్లలకి జడలు వేస్తోంది. ఇక్కడ చూపు ఆనని నాయనమ్మ వణికే చేతుల్తో దువ్వెన పట్టుకుంటుంది. జడ వదులైతే, నూనె లేకపోతే, తలలో పేలుంటే తరగతి ముందు మాట పడేది పిల్ల. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో సబ్బూ నూనెల కోసం ఇచ్చే డబ్బుకి కాస్మెటిక్ చార్జీలని పేరు పెట్టారు. సబ్బు ముక్క కూడా మన పిల్లల దగ్గరికొచ్చేసరికి అలంకారమైపోతుంది కాబోలు. ఇలాంటప్పుడు జుట్టు పొట్టిగా కత్తిరించేస్తే పోలా అనేది తండ్రి మాట. ఆడపిల్లకి జుట్టు తీయించడమేమిటి, ఎవరు పోయారని అనేది నాయనమ్మ. కువైట్ నుంచి ఫోనులో తల్లి చెప్పేది కూడా అదే, నేనొచ్చేదాకా కత్తెర పెట్టొద్దని.

జుట్టు విషయంలో ఉపాధ్యాయ మిత్రులు కొంచెం ఆగి ఆలోచించాలి. మగపిల్లలు క్రాఫు పెంచితే తరగతిలోనే కత్తెర తీసి ముందువైపు ఒక చెక్క ఎగరగొట్టడం కొన్ని బళ్లలో మామూలు శిక్ష. మర్నాడు సరిగ్గా కత్తిరించుకొస్తాడని దాని వెనక ఆలోచన. ఇదే శిక్ష పేటలో ఇంకోలా అర్థమవుతుంది. 1996 డిసెంబరు 29న రామచంద్రపురం దగ్గరి వెంకటాయపాలెంలో దళిత యువకుల్ని కట్టేసి కొట్టి, ఇద్దరికి గుండు గీయించారు. ఆ కేసులో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 18 నెలల జైలుశిక్ష వేసేసరికి 2024 ఏప్రిల్ వచ్చింది. ఇరవై ఏడేళ్లు పైన. 2020 జులైలో రాజమండ్రి పక్కన సీతానగరం పోలీసు స్టేషన్‌లోనే ఒక దళిత యువకుడికి గుండు కొట్టారు. బలవంతంగా గుండు చేయడాన్నీ మీసం తీయడాన్నీ అత్యాచారాల నిరోధక చట్టంలోకి 2015 సవరణ పేరుపెట్టి మరీ చేర్చింది. మాస్టారు కత్తెర తీసినపుడు ఆయన మనసులో ఇవేవీ ఉండకపోవచ్చు. కానీ సగం తెగిన క్రాఫుతో కొడుకు ఇంటికొస్తే తండ్రికి గుర్తొచ్చేవి ఇవే.

ఆడపిల్లల మీదా ఈ కత్తెర ఆడుతోంది. 2019లో మెదక్ గిరిజన గురుకులంలో నీళ్లు చాలడం లేదని నూరుమందికి పైగా అమ్మాయిల జుట్టు కత్తిరించారు. 2024 నవంబరులో అల్లూరి జిల్లా జి.మాడుగుల కస్తూర్బా విద్యాలయంలో ప్రార్థనకి ఆలస్యమయ్యారని 18 మంది జుట్టు కత్తిరించారు. రెండుచోట్లా ఉన్నది గిరిజన ప్రాంతాల పిల్లలే. ఫీజులు కట్టే బడిలో ఇంతమంది జడలు ఒక్క పూటలో తెగుతాయా? అక్కడ ప్రిన్సిపాల్ ముందు తల్లిదండ్రులకి ఫోను చేస్తాడు.

నగల దగ్గర రెండు తరాలు ఎదురుబొదురుగా నిలబడతాయి. బడిలో అందరూ సమానం కాబట్టి నగలొద్దంటారు టీచర్లు. ఇందులో తప్పు లేదు, దొంగల భయమూ ఉంది. కానీ చెవులకి పోగులు పెట్టుకుంటే పెద్దకులాల కళ్లు కుట్టిన రోజులు చూసిన ముసలమ్మకి, మనవరాలి కమ్మలు తీయించి పంపమనడం పాత మాటే మళ్లీ కొత్త నోటితో చెప్పినట్టుంటుంది. కూతురికి చదువుకున్న కోడలు సర్దిచెబుతుంది, అది వేరు ఇది వేరని. నా మటుకు కోడలి పక్షమే. అయితే ముసలమ్మ తెలివితక్కువదని మాత్రం ఎవరూ అనకండి.

బొట్టు దగ్గరికొస్తే మాట్లాడ్డానికే జనం జంకుతారు. మిషన్ బళ్లతో చదువు మొదలైన డెల్టా పేటల్లో ఆదివారం చర్చికి పోయే ఇళ్లు చాలా ఉన్నాయి. కొన్ని సంఘాలు బొట్టూ పూలూ వద్దంటాయి. తండ్రి ఆ మాట మీదుంటాడు. తల్లి మాత్రం బడికెళ్లేటప్పుడు చిన్న స్టిక్కరైనా పెట్టుకోమంటుంది. ఆమెకి భక్తి తక్కువై కాదు, సర్టిఫికెట్ భయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధం కాక వేరే మతమంటే షెడ్యూల్డు కులం హోదా ఉండదు. బొట్టేదని తరగతిలో అందరి ముందూ అడిగిన టీచరమ్మకి అది మామూలు మాట. ఆ పిల్లకి ఆ ప్రశ్నలో స్కాలర్‌షిప్పు, హాస్టలు సీటు, రేపటి ఉద్యోగం అన్నీ ఉన్నాయి. పిల్ల నోరు మూసుకుంటుంది. 2022లో కర్ణాటకలో హిజాబు వేసుకున్న అమ్మాయిల్ని గేటు దగ్గర ఆపినపుడు మనలో కొందరు అది ముస్లింల సమస్య అనుకున్నారు. సుప్రీంకోర్టులో ఆ ఏడాది అక్టోబరు 13న ఇద్దరు జడ్జీలూ చెరో తీర్పు చెప్పారు. నుదుటి మీది బొట్టుని బట్టి పిల్లని లెక్కగట్టే చూపుకీ ఆ గేటుకీ దూరమెంతో కార్యకర్తలు ఆలోచించాలి.

తమిళనాడులో దీన్ని రెండోవైపు నుంచి చూశారు. 2023లో నాంగునేరిలో దళిత విద్యార్థి మీద తోటి విద్యార్థులు ఇంటికొచ్చి కత్తులతో దాడి చేశాక జస్టిస్ చంద్రు కమిటీ వేశారు. 2024 జూన్‌లో ఇచ్చిన నివేదికలో కులాన్ని చాటే రంగుల చేతితాళ్లు, ఉంగరాలు, నుదుటి గుర్తులు బళ్లలో ఉండకూడదని సిఫారసు చేశారు. మన దగ్గర తాళ్ల బదులు బైకుల మీద కులం పేర్ల స్టిక్కర్లున్నాయి. పిల్లలు బడికొచ్చేది అవే చూసుకుంటూ. డ్రెస్ కోడ్ కావాలంటే అలాంటిది కావాలి, ఆధిపత్యాన్ని గేటు బయట విడిచి రమ్మనేది.

ఇక చున్నీ. ఒకప్పుడు హైస్కూలు పిల్ల ఓణీ వేసుకునేది, తర్వాత పంజాబీ డ్రెస్సు వచ్చింది, చున్నీకి రెండువైపులా పిన్ను పెట్టాలన్న రూలు వచ్చింది. ఏడో తరగతి దాటిన కూతురు చున్నీ లేకుండా సైకిలెక్కితే తండ్రికి నచ్చదు. చున్నీ చక్రంలో పడి పిల్ల కింద పడితే దెబ్బలకి మందు రాసేది తల్లి, ఆమె కోటు కావాలంటుంది. తండ్రిది ఒట్టి ఛాదస్తమని కొట్టేయడం తేలిక. కానీ ఊళ్లో మోతుబరి కొడుకు వెంటపడితే పెద్దల ముందు మొదటి ప్రశ్న పిల్ల బట్టల మీదే వస్తుందని ఆ కూలి మనిషికి తెలుసు. ఆ భయం నిజమైనదే. అయినా ఆ భయం బరువంతా పదమూడేళ్ల పిల్ల భుజం మీద పిన్ను పెట్టి వేలాడదీయడం సరికాదు. తెల్లబట్టల రోజులు పెట్టే బళ్లు కూడా ఇక్కడే తప్పు చేస్తున్నాయి. నెలసరి మొదలైన పిల్లకి తెలుపంటే రోజంతా వెనక్కి తిరిగి చూసుకోవడం. రొయ్యల చెరువులతో నీళ్లు ఉప్పబారిన భీమవరం వైపు ఊళ్లలో ఆ తెలుపు నాలుగు ఉతుకులకే పచ్చబడుతుంది. ఆపైన మాసిన బట్టలని మళ్లీ మాట. 2021 అక్టోబరులో ప్రభుత్వం ఏడో తరగతి నుంచి అమ్మాయిలకి నెలకి పది ప్యాడ్లు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. తెల్లబట్టల రూలు మార్చడానికి పథకం కూడా అక్కర్లేదు.

చట్టం దగ్గరున్నదేమిటి? విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనీ మానసిక వేధింపునీ నిషేధించింది. రిబ్బను లేదని ఎండలో నిలబెట్టడం, బెల్టు లేదని ఇంటికి పంపడం, జుట్టు కత్తిరించడం దీని కిందికే వస్తాయి. అయితే ఆ చట్టం పద్నాలుగేళ్లతో ఆగిపోతుంది, రూళ్లు బిగుసుకునేది సరిగ్గా ఆ వయసులోనే. కాబట్టి తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం మనం అడగవలసింది బడి స్థాయిలోనే అడగాలి. బడి ఇచ్చిన వస్తువు వేసుకు రమ్మని బడి అడగొచ్చు. ఇవ్వని రిబ్బనుకీ, కుట్టించని చొక్కాకీ పిల్లని తరగతి బయట పెట్టే హక్కు దానికి లేదు. తల మీద, నుదుటి మీద చెయ్యి వేసే హక్కు అసలే లేదు.

అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం ఆడవాళ్లు, బలహీనవర్గాల పిల్లల తల్లిదండ్రులకి జనాభా లెక్కన చోటు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టులో ఈ కమిటీలకి ఎన్నికలు జరిగాయి. చాలామంది మన తల్లులు సభ్యులయ్యారు, సంతకాలూ పెడుతున్నారు. జడ, బొట్టు, చున్నీ, తెల్లబట్టలు ఆ రిజిస్టరులోకి చర్చగా ఎక్కాలి, నోటిమాట రూలు కాగితం మీద తీర్మానం కావాలి. అందుకు మొదట మార్చవలసింది మీటింగు వేళ. పొద్దున్న పదింటికి పెడితే ఊడ్పుల రోజుల్లో కూలి పోగొట్టుకుని ఏ తల్లీ రాదు. ముఠా చేలోంచి దిగేది మధ్యాహ్నం దాటాక. సాయంత్రం ఐదింటికి, బళ్లో కాకపోతే పేటలోని కమ్యూనిటీ హాలులో పెట్టమని అడగండి.