సొంతంగా పీసీబీ చేయిస్తున్నారా? ప్రోగ్రామింగ్ కనెక్టర్ సంగతి ముందే తేల్చుకోండి

చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ చేసే ఈసీఈ స్టూడెంట్స్ కూడా ఇప్పుడు సొంతంగా పీసీబీ గీసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేయొచ్చు. చిప్, సెన్సర్, పవర్ సప్లై అన్నీ జాగ్రత్తగానే పెడతారు. కోడ్ ఎక్కించే కనెక్టర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘మిగిలిన చోట్లో ఏదో ఒకటి పెడదాంలే’ అనుకుంటారు. తీరా బోర్డు చేతికొచ్చాక కోడ్ ఎక్కకపోతే, సన్నటి చిప్ కాళ్లకు వైర్లు సోల్డర్ చేయాల్సి వస్తుంది. ఆ వేడికి ట్రాక్ లేచిపోతే బోర్డు పోయినట్టే. రివ్యూ డేట్ మాత్రం ఆగదు! అందుకే ఏ కనెక్టర్ ఎవరికి సరిపోతుందో చూద్దాం.

ముందు సిగ్నల్స్ లెక్కపెట్టండి

ఎస్‌టీఎం32 లాంటి ఆర్మ్ కార్టెక్స్-ఎం చిప్‌లకు ఎస్‌డబ్ల్యూడీ పద్ధతి ఉంటుంది. ఇందులో అసలు సిగ్నల్స్ రెండే: ఎస్‌డబ్ల్యూడీఐఓ, ఎస్‌డబ్ల్యూసీఎల్‌కే. వీటికి గ్రౌండ్, బోర్డు వోల్టేజ్, రీసెట్ కలిపితే మొత్తం ఐదు వైర్లు.

ఈఎస్‌పీ32కి ఆరు కావాలి: 3.3 వోల్ట్, గ్రౌండ్, టీఎక్స్, ఆర్ఎక్స్, ఈఎన్, జీపీఐఓ0. రీసెట్ అయ్యే టైమ్‌లో జీపీఐఓ0 గ�్రౌండ్‌కి కలిసి ఉంటేనే చిప్ డౌన్‌లోడ్ మోడ్‌లోకి వెళ్తుంది. అదే ఈఎస్‌పీ32-సీ3, ఎస్3 అయితే యూఎస్‌బీ సీరియల్, జేటాగ్ రెండూ చిప్ లోపలే ఉంటాయి. కాబట్టి యూఎస్‌బీ పోర్ట్ ఒక్కటి పెడితే పని అయిపోతుంది.

రీసెట్ వైర్ ఎందుకు వదలకూడదు?

చాలామంది వాడే బ్లూ పిల్ బోర్డు చివర ఉన్న ఎస్‌డబ్ల్యూడీ హెడ్డర్‌లో నాలుగే పిన్నులు, రీసెట్ ఉండదు. అది చూసి మనమూ నాలుగే పెట్టేస్తాం. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ రాదు. కానీ మీ కోడ్ పొరపాటున డీబగ్ పిన్నుల్నే ఆపేసిందనుకోండి, ప్రోబ్‌కి చిప్ కనబడదు. అప్పుడు రీసెట్‌ని నొక్కిపట్టి కనెక్ట్ అవ్వడం ఒక దారి. రీసెట్ వైర్ కూడా ప్రోబ్‌కి వెళ్తే ఆ పని సాఫ్ట్‌వేరే చేసుకుంటుంది. ఒక్క పిన్ ఖర్చుతో ఒక రాత్రి మిగులుతుంది!

మీ ముందున్న ఆప్షన్లు ఇవే

1. 2.54 మిల్లీమీటర్ల హెడ్డర్: ఒకటి రెండు బోర్డులకు ఇదే బెస్ట్. జంపర్ వైర్లతో నేరుగా పెట్టేయొచ్చు. చైతన్యపురిలో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠి. అక్కడి గుజరాతీ గల్లీలో హెడ్డర్ స్ట్రిప్స్ దొరుకుతాయి. మైనస్ ఏంటంటే, వైర్లు తిరగేసి పెట్టే ప్రమాదం ఉంది. అందుకే ప్రతి పిన్ పక్కన పేరు ప్రింట్ చేయించండి.

2. 20 పిన్నుల బాక్స్ హెడ్డర్: పాత జేటాగ్ ప్రోబ్‌ల స్టాండర్డ్ ఇది. గాడి ఉంటుంది కాబట్టి తిరగేసి పెట్టలేరు. కానీ పొడవు సుమారు 33 మిల్లీమీటర్లు. చిన్న బోర్డులో సగం చోటు ఇదే తినేస్తుంది.

3. 1.27 మిల్లీమీటర్ల 10 పిన్నుల కనెక్టర్: కార్టెక్స్ చిప్‌లకు ఆర్మ్ సూచించిన చిన్న సైజు. ఐదు పిన్నుల వరుస పొడవు 5.08 మిల్లీమీటర్లే. చేత్తో సోల్డర్ చేయడం కాస్త కష్టం. ఈ కనెక్టర్ పెట్టేట్టయితే, దానికి సరిపోయే కేబుల్ చేతిలో ఉన్నాకే బోర్డు ఆర్డర్ పెట్టండి.

4. ఉత్త ప్యాడ్‌లు: ఫోన్ రిపేర్ షాపుల్లో వినే ‘టెస్ట్ పాయింట్’ గుర్తుందా? అదే ఐడియా. బోర్డు మీద కనెక్టర్ ఏమీ ఉండదు. స్ప్రింగ్ ఉన్న పోగో పిన్నులను ప్యాడ్‌ల మీద ఒత్తిపట్టి కోడ్ ఎక్కిస్తారు. ట్యాగ్-కనెక్ట్ కేబుల్స్ కూడా ఇలాంటివే. కేబుల్‌కి ఒకసారి ఖర్చు పెట్టాలి గానీ, బోర్డుకి కనెక్టర్ ఖర్చు సున్నా. పదుల సంఖ్యలో బోర్డులు చేసేవారికి ఇది లాభం. రోజూ గంటలకొద్దీ డీబగ్ చేయాలంటే మాత్రం, కాళ్లతో బోర్డుని పట్టుకునే రకం కేబుల్ తీసుకోండి. లేదంటే చేత్తో పట్టుకునే కూర్చోవాలి.

వోల్టేజ్ పిన్‌తో జాగ్రత్త

అసలైన ప్రోబ్‌లలో వోల్టేజ్ రిఫరెన్స్ పిన్ సాధారణంగా బోర్డు వోల్టేజ్ ఎంతో కొలవడానికే. అది బోర్డుకి పవర్ ఇవ్వదు. పెన్‌డ్రైవ్ లాంటి చవక క్లోన్ ఎస్‌టీ-లింక్‌లలో ఉండే 3.3 వోల్ట్ పిన్ మాత్రం పవర్ ఇస్తుంది. బోర్డుకి వేరే పవర్ ఉన్నప్పుడు దీన్ని కలపకండి. పైగా ఈ క్లోన్లలో పిన్నుల వరుస అన్నిటికీ ఒకేలా ఉండదు. ఫ్రెండ్ వైర్లు ఎలా పెట్టాడో చూసి కాదు, మీ దాని మీద ప్రింట్ అయిన పేర్లు చూసి పెట్టండి.

ఏది తీసుకోవాలి?

కాలేజీ ప్రాజెక్ట్ అయితే రీసెట్‌తో కలిపి 2.54 హెడ్డర్. చోటు తక్కువై, రోజూ డీబగ్ చేయాలంటే 1.27 కనెక్టర్. అమ్మడానికి చేస్తున్న బోర్డు అయితే ప్యాడ్‌లు. ఏది పెట్టినా సరే, ఆర్డర్ బటన్ నొక్కే ముందు ఒక్కటి చూసుకోండి: బోర్డు డబ్బాలో బిగించాక కూడా ఆ కనెక్టర్ అందుతుందా? అందకపోతే, తర్వాత చిన్న బగ్ దొరికినా డబ్బా మొత్తం విప్పాల్సిందే.