దీపముండగానే

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొమ్మన్నారు పెద్దలు. ఈ మాట వినని తెలుగువాడు లేడు. విన్నవారందరూ పాటించినారని చెప్పుటకు మాత్రం వీలులేదు. ఉపాధ్యాయులలో ఈ లోపం కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. హాజరుపట్టీలో పిల్లవాని ఇంటిపేరు తప్పుపడితే వెంటనే ఎర్రసిరాతో దిద్దే పంతులుగారు, సర్వీసు రిజిస్టరులో తన పేరు ఎట్లా వ్రాసి ఉన్నదో ముప్పది ఏండ్లపాటు చూచుకొనరు. పదవ తరగతి విద్యార్థుల పుట్టిన తేదీలను ఒకటికి మూడుమార్లు సరిచూచి పంపే ప్రధానోపాధ్యాయునికి, తాను పెట్టిన సెలవు లెక్కకు ఎక్కినదో లేదో తెలియదు. తుదకు సన్మానసభలో శాలువా కప్పించుకొని, పూలదండలతో ఇల్లు చేరిన మరునాటినుండి కార్యాలయాల మెట్లు ఎక్కి దిగుట ఆరంభమవుతుంది.

ఇందుకు కారణం ఉపాధ్యాయుని అమాయకత్వం ఒక్కటే కాదు. పింఛను అనగానే అది ఎవరో దయతలచి ఇచ్చేదన్న భావం ఈనాటికీ పోలేదు. ఆ భావానికి భాషలో కూడ ఆధారం ఉన్నది. పింఛను అన్నది ఆంగ్లపదానికి తెలుగు నాలుక ఇచ్చిన రూపం. దాని మూలం లాటిన్ భాషలో తూచుట, తూచి చెల్లించుట అని అర్థం గల ధాతువు. మనవారు ఒకప్పుడు దీనిని 'ఉపకారవేతనం' అని కూడ వ్యవహరించినారు. నేడు ఆ మాట విద్యార్థుల స్కాలర్‌షిప్పుకు స్థిరపడినది. పింఛనుకు 'విశ్రాంతివేతనం' అనే పేరు వచ్చినది. లాటిన్ మూలంలో ఉన్నది త్రాసు. తెలుగు మాటలో చేరినది దయ. పేరు మారినా దయ అనే భావం మాత్రం మనస్సులలో నిలిచియే ఉన్నది. దయ చూపేవాని ఎదుట ఎవరైనను తల వంచుకొనియే నిలుచుంటారు, లెక్క అడుగరు.

న్యాయస్థానాలు ఈ భావాన్ని ఏనాడో త్రోసిపుచ్చినవి. బీహారు విద్యాశాఖలో పనిచేసిన దేవకీనందన ప్రసాద్ అనే ఉద్యోగి తన పింఛను కొరకు సుప్రీంకోర్టుదాకా పోయినాడు. 1971లో వెలువడిన ఆ తీర్పులో, పింఛను ప్రభుత్వపు ఇష్టాయిష్టాలపై ఆధారపడినది కాదనీ, అది ఉద్యోగికి ఆస్తివంటి హక్కు అనీ న్యాయమూర్తులు నిర్ణయించినారు. ఇంత మొత్తమని తేల్చుటకు ఉత్తర్వు కావలసినదే గాని, హక్కు ఆ ఉత్తర్వువల్ల పుట్టదని వివరించినారు. పిమ్మట 1982 డిసెంబరు 17న నకారా కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం మరింత స్పష్టంగా పలికినది. పింఛను యజమాని చిత్తం వచ్చినట్లు పంచే బహుమానం కాదు. ఉద్యోగి తన బలం ఉన్న దినాలలో చేసిన సేవకు ఫలం. వార్ధక్యంలో అతనికి కల్పించవలసిన సామాజిక న్యాయం. ఆ తీర్పు వెలువడిన దినాన్నే దేశంలోని విశ్రాంతోద్యోగులు పింఛనుదారుల దినంగా జరుపుకొంటున్నారు. అంతకు చాల ముందే, 1871 నాటి పింఛనుల చట్టం, అప్పులవాడు ప్రభుత్వ పింఛనును జప్తు చేయించుటకు వీలులేకుండ కట్టడి చేసినది.

హక్కు ఉన్నది నిజమే. కాని ఆ హక్కు నెలకు ఎన్ని రూపాయలని తేల్చేది న్యాయస్థానం కాదు. పాఠశాల బీరువాలో పడియున్న సర్వీసు రిజిస్టరు. ఉద్యోగంలో చేరిన దినం, పుట్టిన తేదీ, వార్షిక ఇంక్రిమెంట్లు, సెలవులు, బదిలీలు, పదోన్నతులు అన్నియు అందులోనే ఉండవలెను. ఏటేటా ఇంతవరకు చేసిన సర్వీసు సరిచూడబడినదని అధికారి చేవ్రాలు ఉండవలెను. కార్యాలయాధిపతి ప్రతి సంవత్సరం ఆ పుస్తకాన్ని ఉద్యోగికి చూపించి అతని సంతకం తీసుకొనుట కూడ ఉద్యోగ నియమాలలోని మాటే. కేంద్ర ప్రభుత్వ నియమాలు మరొక మెట్టు పైకి పోయినవి. పదునెనిమిది ఏండ్ల సర్వీసు నిండినప్పుడు ఒకమారు, పదవీ విరమణకు అయిదేండ్లు ఉన్నప్పుడు మరొకమారు సర్వీసును ధ్రువీకరించి ఉద్యోగికి తెలుపవలెనని అవి చెప్పుతున్నవి. ఏ నియమమైనను, చూపుమని అడిగేవాడు లేనిచోట కాగితంమీదనే ఉంటుంది.

ఒక్క సంవత్సరం లెక్కలో పోతే ఏమి పోతుందో చూచిన గాని ఈ విషయపు బరువు తెలియదు. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరిన రాష్ట్రోద్యోగుల పింఛనుకు రెండు తెలుగు రాష్ట్రాలలోను 1980 నాటి సవరించిన పింఛను నియమాలే ఆధారం. వాటి ప్రకారం ముప్పదిమూడేండ్ల యోగ్యమైన సర్వీసుకు చివరి వేతనంలో సగం పూర్తి పింఛను. అంతకు తక్కువైతే ఆ దామాషాలో తగ్గుతుంది. చివరి మూలవేతనం 90,000 రూపాయలు అనుకొందము. పూర్తి పింఛను 45,000. నియమాలు కొన్ని సందర్భాలలో కలిపియిచ్చే అదనపు కాలాన్ని పక్కనబెట్టి చూస్తే, ఒక సంవత్సరపు సర్వీసు విలువ నెలకు సుమారు 1,364 రూపాయలు. దానిపై కరువుభత్యం వేరు. గ్రాట్యుటీలో ప్రతి ఆరునెలల సర్వీసుకు వేతనంలో నాలుగవవంతు చొప్పున వస్తుంది గనుక, అక్కడ పోయేది మరొక 45,000. ఏదో ఒక ఊరి బడిలో పనిచేసిన సంవత్సరానికి ధ్రువీకరణ లేకపోయినందుకు జీవితాంతం చెల్లించే అపరాధరుసుం ఇది.

ఇటువంటి ఖాళీలు ఎట్లా ఏర్పడుతవో తెలుగుదేశపు పరిపాలనా చరిత్రే చెప్పుతుంది. ఇటీవలి సంవత్సరాలలో విరమించిన వారిలో పెక్కుమంది 1980, 1990 దశకాలలో చేరినవారు. పంచాయతీ సమితులు పోయి మండలాలు ఏర్పడినది ఆ కాలంలోనే. 2014లో రాష్ట్రం రెండైనది. తెలంగాణలో 2016లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను జిల్లాలు మారినవి. కార్యాలయం మారిన ప్రతిమారు బీరువాలు బండ్లమీద ఎక్కి దిగినవి. కాగితాలలో కొన్ని చెదలకు, కొన్ని వానకు, కొన్ని మరపునకు బలియైనవి. చేరిన ఉత్తర్వు, బదిలీ ఉత్తర్వు, విధులనుండి విడుదలైన కాగితం, కొత్తచోట చేరినట్లు పత్రం—వీటి నకళ్లు ఇంటివద్ద ఒక ఫైలులో భద్రపరచినవాడు ఈ మార్పులన్నిటినీ దాటినాడు. లేనివాడు మూతపడిన బడిని వెదుకుకొంటూ పోవలసి వచ్చినది.

పుట్టిన తేదీ సంగతి ఇంకను కఠినం. ఆంధ్రప్రదేశ్‌లో 1984 నాటి నియమాల ప్రకారం, రిజిస్టరులో ఒకమారు ఎక్కిన తేదీని వ్రాతలో జరిగిన పొరపాటు అయితే తప్ప మార్చరు. విరమణ సమీపించిన పిమ్మట జాతకచక్రం తెచ్చి చూపినా ప్రయోజనం లేదు. పేరు విషయంలో మరొక చిక్కు. తెలుగువారికి ఇంటిపేరు ముందు. బ్యాంకుకు అది వెనుక. లక్ష్మి అనే పేరును ఆంగ్లలిపిలో ఒక గుమాస్తా 'ఎక్స్' అక్షరంతోను, మరొక గుమాస్తా 'కె', 'ఎస్' అక్షరాలతోను వ్రాస్తాడు. వివాహానంతరం ఉపాధ్యాయిని ఇంటిపేరు మారుతుంది. రిజిస్టరులో పుట్టింటిపేరే ఉండిపోతుంది. ఆధారు కార్డులో ఒక మనిషి, బ్యాంకు ఖాతాలో ఒక మనిషి, సర్వీసు రిజిస్టరులో మూడవ మనిషి—ముగ్గురూ ఒకరే అని నిరూపించుట విరమించిన వారి మెడకు చుట్టుకొంటుంది. ఉద్యోగంలో ఉండగా ఇది ఒక అర్జీతో తీరే పని.

విరమణ తేదీ దూరంగా ఉన్నదికదా అని ఊరకుండుట కూడ మంచిది కాదు. 1983 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విరమణ వయస్సును 58నుండి 55కు తగ్గించినప్పుడు, ఆ నెలాఖరుకే వేలకొలది ఉద్యోగులు ఇండ్లకు చేరవలసి వచ్చినది. 1984లో అది తిరిగి 58 అయినది. మధ్యలో నష్టపోయినవారి వివాదం సుప్రీంకోర్టుకు పోయి 1985లో గాని పరిష్కారం కాలేదు. పిమ్మటి కాలంలో వయస్సు పెరుగుతూ వచ్చి, తెలంగాణలో 2021లో 61, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62 అయినది. తేదీలు ప్రభుత్వం చేతిలోనివి. సిద్ధంగా ఉండుట ఉద్యోగి చేతిలోనిది.

ఇక దరఖాస్తు. దానిని చూచి భయపడవలసినది ఏమియు లేదు. నిర్ణీత పత్రాలు నింపవలెను. భార్యాభర్తల ఉమ్మడి ఛాయాచిత్రం, పుట్టుమచ్చల వివరం, కుటుంబసభ్యుల జాబితా, నామినేషన్లు, బ్యాంకు ఖాతా వివరం, బాకీలు లేవనే ధ్రువపత్రం జతపరచవలెను. ఇవి కార్యాలయాధిపతిద్వారా పోవలెను. ప్రభుత్వోద్యోగుల విషయంలో అకౌంటెంట్ జనరల్ కార్యాలయం వీటిని పరిశీలించి మూడు ఉత్తర్వులు పంపుతుంది. ఒకటి నెలనెలా వచ్చే పింఛనుకు, ఒకటి గ్రాట్యుటీకి, మూడవది కమ్యుటేషనుకు, అనగా పింఛనులో కొంతభాగాన్ని ముందుగానే ఒక్కమొత్తంగా తీసుకొనుటకు. ఈ భాగం రాష్ట్రోద్యోగులకు నూటికి నలుబదివరకు ఉండవచ్చును. అట్లా తగ్గిన భాగం పదునైదు సంవత్సరాల పిమ్మట తిరిగి కలుస్తుంది. భవిష్యనిధి, ప్రభుత్వ జీవితబీమా, సామూహిక బీమా, మిగిలిన ఆర్జితసెలవుకు రావలసిన సొమ్ము—వీటికి వేరువేరు దరఖాస్తులు. ఒకటి పెట్టితే అన్నియు వచ్చునన్న భ్రమ చాలమందికి నష్టం తెచ్చినది. నేడు కంప్యూటరుద్వారా పంపే ఏర్పాట్లు వచ్చినవి. అయితే కంప్యూటరు కూడ రిజిస్టరులో ఉన్నదే అడుగుతుంది. లేనిదానిని కల్పించి ఇవ్వదు. తన దరఖాస్తు ఏ తేదీన, ఏ సంఖ్యతో, ఎక్కడికి పోయినదో వ్రాసిపెట్టుకొన్నవాడు గుమాస్తాను బతిమాలనక్కరలేదు; మర్యాదగా అడుగవచ్చును.

అన్నిటికంటె ఎక్కువగా ఆలోచించవలసినది ఇంటివారిని గురించి. ఉద్యోగి మరణిస్తే కుటుంబపింఛను వస్తుంది. సామాన్యంగా చివరి వేతనంలో నూటికి ముప్పది. ఆ కాగితాలతో ఊరూరు తిరుగవలసినది దుఃఖంలో ఉన్న భార్య లేక భర్త. కొత్తగా చేరిననాడు తల్లి పేరో తండ్రి పేరో వ్రాసియిచ్చిన నామినేషను పెండ్లి అయి పిల్లలు పుట్టిన తరువాత కూడ అట్లే ఉండిపోయిన ఇండ్లు ఎన్నో ఉన్నవి. బుద్ధిమాంద్యంతోనో అంగవైకల్యంతోనో సంపాదించుకొనలేని బిడ్డకు నియమాలు జీవితాంతం కుటుంబపింఛను కల్పించినవి. కాని ఆ బిడ్డ పేరు, ఆ స్థితి, వైద్యుల ధ్రువపత్రం తలిదండ్రులు బ్రతికి ఉండగానే కాగితంమీదకు వస్తే గాని దారి సుగమం కాదు. తమ తరువాత ఈ బిడ్డ గతి ఏమని రాత్రులు నిద్రలేక గడిపే తలిదండ్రులు, పగటివేళ ఒక్క గంట ఆ రిజిస్టరుకు ఇస్తే ఆ దిగులులో కొంతయైనా తీరుతుంది.

2004 సెప్టెంబరు 1నుండి రాష్ట్రోద్యోగంలో చేరినవారికి మార్గం వేరు. వారి జీతంలో నూటికి పది చొప్పున మినహాయించి, ప్రభుత్వం తన వంతు కలిపి మదుపు చేసే పద్ధతి వచ్చినది. వయస్సు నిండి విరమించునాటికి పోగుపడిన మొత్తంలో నూటికి నలుబదికి తక్కువకాకుండ యాన్యుటీలో పెట్టవలెను. ఈ పద్ధతిపై ఉపాధ్యాయ సంఘాల ఆందోళన ఆగలేదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో హామీతో కూడిన పింఛను చట్టం కూడ చేసినది. వాదాలు ఎట్లా తేలినా, తన ఖాతాలో నెలనెలా రెండు వంతులూ జమ అవుతున్నవో లేవో చూచుకొనే బాధ్యత కొత్తవారికి కూడ తప్పదు. పాతవారికి సర్వీసు రిజిస్టరు. కొత్తవారికి ఖాతా వివరణ. పేరు వేరైనా పని ఒక్కటే.

ఈ పనిలో విద్యార్థులకును పాలు ఉన్నది. ఉపాధ్యాయుని ఇంట పుట్టిన పిల్లలు తండ్రి లేక తల్లి కాగితాలను తేదీల వరుసన పేర్చి, నకళ్లు తీసి, జాబితా వ్రాసిపెట్టగలరు. పాఠశాలలు కూడ ప్రతి విద్యాసంవత్సరం చివర ఒక పూట దీనికి కేటాయించి, అందరూ తమ తమ రిజిస్టర్లు చూచుకొని సంతకాలు చేయవచ్చును. ఇందుకు కొత్త ఉత్తర్వు ఏదియు అక్కరలేదు. ఉన్న నియమాన్ని పాటిస్తే చాలును. వేసవిసెలవులకు తాళం వేసేముందు ఆ బీరువా ఒకమారు తెరచి, మొదటి పుట నుండి చదువుట ఆరంభిస్తే మంచిది. అందులో తప్పు కనిపిస్తే దిద్దించుకొనే అధికారం ఉద్యోగంలో ఉన్నన్ని దినాలు చేతిదూరంలోనే ఉంటుంది.