చలి ఉదయమున వణకు డీజిలు బండి – రోగనిర్ణయ విధానము

మార్గశిర పుష్యమాసములలో మదనపల్లె వంటి మెరక సీమలందు తెల్లవారుజామున చలి మిక్కుటముగ నుండును. టమోటా కోసి పెట్టెల కెత్తిన రైతునకు వేలము వేళకు మార్కెట్టు చేరుటయే ముఖ్యము. అట్టి సమయముననే పాత పికప్పు బండి మొరాయించును. తాళపుచెవి త్రిప్పినంతనే యంత్రము మేల్కొనును గాని, కాలు బెణికిన యెద్దువలె కుంటుచు, బండినెల్ల నూపుచు, తెల్లని పొగ గ్రక్కుచుండును. కొన్ని నిమిషములకు వేడెక్కి తనంతట తానే చక్కబడును. వేడెక్కిన బాగుపడుచున్నది గదా యని కొందఱుపేక్షింతురు. మఱికొందఱు భయపడి పంపునంతయు విప్పించి వేలకొలది రూపాయలు పోయుదురు. ఈ రెండును తగవు.

ఇచట చెప్పబోవునది పంపునుండి ఒక్కొక్క సిలిండరునకు వేర్వేఱు ఇనుపగొట్టములద్వారా డీజిలు పోవు పాత బండ్లకు మాత్రమే వర్తించును. 2020 ఏప్రిలునుండి వచ్చిన బి.ఎస్.-6 బండ్ల వంటి కంప్యూటరు అదుపులోని వానికి వర్తింపదు.

పెట్రోలు యంత్రమున వలె డీజిలు యంత్రమున నిప్పురవ్వ లేదు. సైకిలుకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట అందఱకు నెఱుకయే. 1897లో జర్మనీదేశపు ఆగ్స్‌బర్గు నగరమున రుడాల్ఫ్ డీజిలు నడిపి చూపిన యంత్రమునకు ఆ వేడిమియే ప్రాణము. గాలిని ఇంచుమించు ఇరువదింట నొకవంతునకు నొక్కినపుడు పుట్టు వేడికి డీజిలు తుంపరలు అంటుకొనును. చలికాలమున ఇనుము చల్లగా నుండి ఆ వేడిని పీల్చివేయును. ఏ సిలిండరున వేడి చాలదో అందు డీజిలు కాలక తెల్లని పొగయై వెడలును. ఆ పొగ పచ్చి డీజిలు వాసన కొట్టి కన్నులను మండించును. యంత్రము వేడెక్కినపిదపను తెల్లపొగ మానక, రేడియేటరులో నీరు తఱుగుచున్నచో, అది హెడ్డు గాస్కెట్టు జబ్బు, దానిని జాగుసేయరాదు. నీలిపొగ యైనచో ఇంజినాయిలు కాలుచున్నదని గ్రహింపవలెను.

మొదట బ్యాటరీని చూడుడు. స్టార్టరు మందముగ త్రిప్పినచో గాలి చాలినంత వేడెక్కదు. బ్యాటరీ కొసలపై తెల్లని పాచి గీకి, బిగించి, మఱల యత్నింపవలెను.

పిమ్మట హీటరు ప్లగ్గులు. ఇవి అన్ని యంత్రములకును ఉండవు. మహీంద్రా బండ్లలో వాడిన ప్యూజో యంత్రము వంటి వానికి గలవు. నాలుగింట నొకటి కాలిపోయినను యంత్రము మూడుకాళ్లపై లేచి కుంటును. నా యనుభవమున, వేడెక్కగనే పూర్తిగ మాయమగు వణకునకు ఇదియే తొలి యనుమానము. పరీక్ష సులభము. ప్లగ్గులను కలుపు పట్టీని విప్పి, 12 వోల్టుల బుడ్డిదీపపు ఒక తీగను బ్యాటరీ ప్లస్సునకును, రెండవ తీగను ప్లగ్గు కొసకును తాకింపుడు. వెలిగినచో ప్లగ్గు తీగ తెగలేదు. వెలుగనిచో అది చచ్చినది. అన్నియు వెలిగినచో, పట్టీని మఱల బిగించి, తాళపుచెవి త్రిప్పినపుడు దానికి కరెంటు వచ్చుచున్నదో లేదో అదే దీపముతో చూడవలెను. రాకున్న, రిలేలోనో ఫ్యూజులోనో లోపము. ప్లగ్గులు బాగుచేయక, గాలి పీల్చు గొట్టములో ఈథరు చిమ్ముట కొన్నియూళ్ల అలవాటు. హీటర్లున్న యంత్రమున అది ప్రేలుడునకు దారితీయును.

ఇక గాలి పట్టుట. బావికడ ఆయిలింజిను నడిపినవారికి దీనిని వేఱుగ చెప్పనక్కఱలేదు. బండి రాత్రియంతయు నిలిచియుండగా, పగిలిన రబ్బరు గొట్టమునుండియో ఫిల్టరు వాషరునుండియో గాలి దూరి, డీజిలు వెనుకకు ట్యాంకులోనికి జాఱును. ఉదయమున స్టార్టు చేయకముందే ఫిల్టరుపైనున్న చేతిపంపును గట్టిపడువఱకు నొక్కిచూడుడు. ఆ దినమున బండి వణకక నడిచినచో దొంగ దొరికినట్లే. ఆ గొట్టములు మార్చుటకు వ్యయము స్వల్పము. పనిలో పనిగా ఫిల్టరు అడుగు మఱను వదలుచేసి కొంత డీజిలును గాజుసీసాలో పట్టుడు. నీరున్నచో అడుగున తేటగా నిలుచును. డ్రమ్ములలో డీజిలు నిలువచేయు మనవారికి ఈ పరీక్ష మిక్కిలి యవసరము.

ఇవన్నియు సరిగానున్నచో కుంటు సిలిండరేదియో కనుగొనవలెను. వణకుచున్నపుడే, ఒక్కొక్క నాజిలుపై గొట్టపు నట్టును అరచుట్టు వదలుచేసి, వెంటనే బిగింపవలెను. వదలినపుడు యంత్రపు శబ్దము మఱింత చెడినచో ఆ సిలిండరు పనిచేయుచున్నది. ఏ మార్పును లేనిచో అదియే రోగి. చేతిని, ముఖమును దూరముగ నుంచి, గుడ్డ కప్పి చేయుడు. అధికపీడనముతో చిమ్ము డీజిలు చర్మమును చీల్చి లోనికి దూరును. అట్లు దూరినచో గాయము చిన్నదైనను అప్పుడే ఆసుపత్రికి పోవలెను. కామన్ రైలు బండ్లపై ఈ పరీక్ష ఎన్నడును చేయరాదు.

రోగిని గుఱుతించిన పిదప, దాని నాజిలును ప్రక్క సిలిండరు నాజిలుతో మార్పించి, క్రొత్త రాగి వాషర్లు వేయింపుడు. కుంటుతనము నాజిలువెంట పోయినచో నాజిలుదే దోషము. ఉన్నచోటనే నిలిచినచో వాల్వుల సందునో, కంప్రెషనునో కొలిపింపవలెను. వాల్వుల సందు సవరించుట గంటల పని. కంప్రెషను పడిపోవుట పెద్ద వ్యయము.

కొందఱు మెకానిక్కులు ఇవేవియు చూడక ఐడిలింగు స్క్రూను బిగించి వేగము పెంచెదరు. వణకు తగ్గినట్లు తోచును. జబ్బు లోననే యుండును, డీజిలు వృథాయగును. అట్టి బండి నాకు చూపినవారితో ముందు ఆ స్క్రూను యథాస్థానమునకు తెమ్మనియే చెప్పెదను.

ఈ పరీక్షలన్నియు ఆరుబయట చేయవలెను. చలికి వెఱచి పాకలో తలుపులు మూసి యంత్రమును నడిపినచో పొగయందలి విషవాయువు ప్రాణాంతకమగును. మెకానిక్కుకడకు పోవునపుడు, వణకు ఎన్ని నిమిషములుండెను, పొగ యే రంగు, ఏ నాజిలు వదలినపుడు మార్పు లేదు, ఈ మూడింటిని కాగితముపై వ్రాసికొని పోవుడు. పంపు విప్పవలెనని అతడు చెప్పినచో, ఆ కాగితము చూపి కారణ మడుగుడు.