మధుమేహము: మన కండరముల సాక్ష్యము

మధుమేహము ధనికుల వ్యాధియనియు, తీపి మరిగినవారికే వచ్చుననియు మనలో ననేకులు నేటికిని నమ్ముచున్నారు. భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వేననుసరించి 2023లో ప్రకటింపబడిన అంచనా ప్రకారము దేశమున 10 కోట్లమందికి పైగా ఈ వ్యాధి గలదు. ఇంతమందిని తిండిపోతులనుట అన్యాయము.

వీరిలో అత్యధికులది రెండవ రకపు మధుమేహము. ఇందు ఇన్సులిన్ బొత్తిగా లేకపోలేదు. దాని యాజ్ఞను కండరములు సరిగా పాటింపవు. ఏల పాటింపవు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు తెలుగువారగు వంశీ మూతా గారును, వారి సహచరులును 43 మంది స్వీడను పురుషుల తొడ కండరములనుండి తీసిన తునకలను పరీక్షించి 2003లో ఫలితములను ప్రకటించిరి. వారి పద్ధతి మెచ్చదగినది. జన్యువులను ఒక్కొక్కటిగా చూచినపుడు, రోగులకును ఆరోగ్యవంతులకును భేదమిదియని నిశ్చయముగా చెప్పదగినది ఒక్కటియు కానరాలేదు. ఒకే పని చేయువానిని జట్టుగా చేర్చి చూడగా, మైటోకాండ్రియాలో ఆహారమును శక్తిగా మార్చు జన్యువులు రోగులయందు మూకుమ్మడిగా, ఇంచుమించు నూటికి 20 వంతులు, మందగించియుండెను. ఒక రైతు చేనికి నీరు కొంచెము తగ్గినచో నెవరును గమనింపరు. కాలువక్రింది చేలన్నిటికిని తగ్గినచో తూమువద్ద నేదో జరిగినదని ఊరంతయు గ్రహించును. ఈ జన్యువులకు తూమువంటిది పీ.జీ.సీ.-1 ఆల్ఫా యను ప్రోటీను. వ్యాయామమువలన నిది కండరములలో వృద్ధియగును.

కాని ఈ మాంద్యము వ్యాధికి కారణమా, ఫలమా?

శ్రీకుమారన్ నాయరు గారి బృందము అమెరికాలో నివసించు భారతీయులలో 13 మంది రోగులను, 13 మంది రోగము లేనివారిని, ఐరోపా సంతతివారు 13 మందితో పోల్చి 2008లో ప్రకటించిన ఫలితము ఇచట మిక్కిలి విలువైనది. భారతీయుల కండరములు, రోగమున్నను లేకున్నను, ఇన్సులిన్‌ను లక్ష్యపెట్టుటలేదు. అయినను శక్తిని పుట్టించు సామర్థ్యమున ఐరోపీయుల కండరములను మించియుండెను! స్వీడనువారియందు కనబడిన లోపము మనవారి వ్యాధికి మూలమని చెప్పుటకు వీలులేకపోయినది.

పరుల శరీరములను చదివి మన రోగమునకు నిదానము వ్రాసికొనుట ఎంత ప్రమాదమో దీనివలన తేటపడుచున్నది. ఇంతటి విషయము ప్రవాసులగు 26 మంది మూలమున మనకు తెలియవలసివచ్చినది. హైదరాబాదులో కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రము గలదు. విశాఖపట్టణమున ఆంధ్ర వైద్య కళాశాల గలదు. కోనసీమలో నాట్లు వేయు కూలివాని కండరమును, పట్టణమున కుర్చీ విడువని గుమాస్తా కండరమును ప్రక్కప్రక్కన నుంచి, ఏ జన్యువులు మేల్కొనియున్నవో, ఏవి నిద్రించుచున్నవో ఇచటనే, వేలకొలది జనులయందు పరీక్షింపవలసియున్నది. అందుకు వలయు ధనమును ప్రభుత్వములు వెంటనే కేటాయింపవలెను.