అనాథను అక్కున చేర్చుకున్నాక ఏ న్యాయస్థానాన్ని ఆశ్రయించాలి?

తల్లిదండ్రులను కోల్పోయిన మేనల్లుడినో, అన్న కూతురినో తెచ్చి పెంచుకోవడం మన కుటుంబాలకు కొత్త కాదు. అనాథ సంరక్షణ మహాపుణ్యమని మనమందరం విశ్వసిస్తాం. అయితే పెద్దల సమక్షంలో స్టాంపు కాగితం రాసుకుంటే చాలునని మనలో అనేకులు భావిస్తున్నాం. రేపు బంధువులు వచ్చి బిడ్డను అప్పగించమంటే ఆ కాగితం ఆదుకోదు.

ఇస్లాం పెంపకాన్ని ప్రోత్సహించింది; వంశాన్ని మార్చడాన్ని నిషేధించింది. పెంపుడు పిల్లలను వారి కన్నతండ్రుల పేర్లతోనే పిలవాలని అహ్‌జాబ్ సూరా 4, 5 ఆయతులు ఆదేశిస్తున్నాయి. ఆ ఆదేశం తర్వాత హజ్రత్ జైద్ (రజి) తిరిగి జైద్ బిన్ హారిసాగానే పిలువబడ్డారు. పెంచిన బిడ్డకు వారసత్వం లేకపోయినా, జీవించి ఉండగా హిబా ఇవ్వవచ్చు. ఆస్తిలో మూడోవంతు వరకు వసియ్యత్ రాయవచ్చు.

ఈ పద్ధతికి అనువైన మార్గం మన దేశ చట్టంలోనే ఉంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం న్యాయస్థానం మనలను బిడ్డకు సంరక్షకులుగా నియమించగలదు. వంశం మారదు, బాధ్యత చట్టబద్ధమవుతుంది. బిడ్డ సాధారణంగా నివసించే ప్రాంతంలోని ఫ్యామిలీ కోర్టులో దరఖాస్తు చేయాలి. అది లేనిచోట జిల్లా కోర్టులో చేయాలి. మన నివాసం కాదు, బిడ్డ నివాసమే ప్రధానం. విడిపోయిన దంపతుల మధ్య బిడ్డ ఎవరి వద్ద ఉండాలన్న వివాదాన్నీ ఈ న్యాయస్థానమే విచారిస్తుంది. బిడ్డ శ్రేయస్సునే గీటురాయిగా తీసుకుంటుంది. న్యాయస్థానం నియమించిన సంరక్షకులు దాని అనుమతి లేకుండా బిడ్డ స్థిరాస్తిని అమ్మరాదు.

దత్తత మార్గం వేరు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏ మతస్థులైనా దత్తత తీసుకోవచ్చు. ముస్లింలకూ ఈ అవకాశం ఉందని, అయితే ఇది ఐచ్ఛికమేనని 2014లో సుప్రీంకోర్టు అంతకుముందున్న చట్టం విషయంలో స్పష్టం చేసింది. 2022 సెప్టెంబరు 1 నుండి ఈ దత్తత ఉత్తర్వులిచ్చే అధికారం న్యాయస్థానం నుండి జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు మారింది. ఈ దత్తతతో బిడ్డ చట్టరీత్యా దత్తత తీసుకున్నవారి సంతానమవుతుంది. కనుక షరీఅత్ హద్దులు పాటించగోరేవారు రెండు మార్గాల భేదాన్ని ముందే గ్రహించాలి.

మరి దారుల్ ఖజా? అక్కడ సయోధ్య కుదుర్చుకోవడం మంచిదే. కాని దాని తీర్పుకు చట్టబద్ధమైన బలం లేదని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది.

అనాథ మనకు అప్పగించబడిన అమానతు. ప్రేమతో పెంచడం ఎంత బాధ్యతో, బిడ్డ భవిష్యత్తుకు చట్టపరమైన రక్షణ కల్పించడమూ అంతే బాధ్యత. వివాదం తలెత్తేదాకా వేచి ఉండక, బిడ్డ ఇంటికి వచ్చిననాడే ఆ పని మొదలుపెడదాం.