పాల ప్యాకెట్టులో నారుమడి

2023 జూలైలో కోలారు మార్కెట్టులో 15 కిలోల టమోటా పెట్టె రెండు వేల రూపాయలు దాటి పలికింది. దేశమంతా ఆ ధర గురించే మాట్లాడుకుంది. కోలారు, చింతామణి, మదనపల్లె మార్కెట్లను నింపే పల్లెల్లో కూడా సొంత తోట లేని ఇల్లు టమోటాను కొనుక్కునే తింటుందన్న సంగతి మాత్రం పెద్దగా ఎవరికీ పట్టలేదు.

కర్ణాటకలో బాగేపల్లి దిక్కున, ఆంధ్ర సరిహద్దుకు చేరువగా ఉన్న చాకవేలు లాంటి ఊళ్లలో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడ చదువుతారు. చెనక్కాయ, రాగి పండే మెట్టనేల ఇది. వాన నమ్మకం లేదు. ఈ ఊళ్లున్న చిక్కబళ్లాపురం జిల్లాలో బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని చోట్లున్నాయి. ఇలాంటి చోట నాలుగు టమోటా మొక్కల కోసం పెరట్లో మడి కట్టి, రోజూ బిందెలతో తడపడమంటే ఎవరికైనా మనసొప్పదు. అదే నారు పెరుగు కప్పుల్లో పెంచితే మొదటి 25 రోజులకు పూటకో చెంబెడు నీళ్లు చాలు. చేయి కడిగిన నీళ్లు కూడా లెక్కకొచ్చే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

ఈ పని ఎలా చేయాలో చూడటానికి దూరం పోనక్కర్లేదు. ఈ ప్రాంతపు టమోటా రైతులు చాలామంది నారును నర్సరీల్లోనే కొంటారు. అక్కడ నల్లటి ప్లాస్టిక్ ప్రోట్రేలు ఉంటాయి. ఎక్కువగా వాడే ట్రేలో 98 గుంతలు. గుంతకో గింజ, చుట్టూ టెంకాయ పీచు పొట్టు, అడుగున రంధ్రం, పైన సన్నకన్నుల నెట్టు. ఏ మొక్క వేరు దానిదే కాబట్టి పీకేటప్పుడు తెగదు. నీళ్లు నిలవవు, మట్టి తెగుళ్లు తగ్గుతాయి, పురుగు వాలదు. ఆ ట్రే చేసే పని ఇంతే. ఇంత పనీ ఖాళీ పాల ప్యాకెట్టు, పెరుగు కప్పు, టెంకాయ చిప్ప, కోసిన నీళ్ల బాటిలు కూడా చేస్తాయి.

పాత్రలో గింజ మొలిపించడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. పెళ్లికి ముందు పాలికల్లో నవధాన్యాలు చల్లుతారు. తిరుమల బ్రహ్మోత్సవాలు మొదలయ్యేదీ అంకురార్పణతోనే. కానీ పాలికలో మొలక బతకాల్సింది కొద్దిరోజులే. టమోటా నారు 25 రోజులు, మిరప నారు 40 రోజుల దాకా అదే మట్టిలో ఉండాలి. అన్నాళ్లు అడుగున నీళ్లు నిలిస్తే వేరుకు గాలాడదు, కుళ్లుతుంది. అందుకే డబ్బా ఎంపిక కంటే ముందు కాల్చిన మేకుతో అడుగున మూడు నాలుగు రంధ్రాలు పెట్టడం ముఖ్యం. టెంకాయ చిప్పకైతే కన్ను పొడిస్తే సరి.

పాత్ర నాలుగు వేళ్ల లోతు ఉంటే చాలు. పారదర్శకంగా ఉంటే వెలుతురు తగిలి లోపల పాచి పడుతుంది; చుట్టూ పాత పేపరు చుట్టాలి. టీ తాగే పేపరు కప్పుకు లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి నాటేటప్పుడు దాన్ని చింపి తీసేయాలి, కప్పుతోపాటు పాతకూడదు. పురుగుమందు డబ్బా, పెయింటు డబ్బా ఎంత కడిగినా సరే, వాటి జోలికి పోకూడదు.

ఇతర దేశాల సలహాలను ఇక్కడికి ఉన్నవున్నట్టు తెచ్చుకోవడం కూడా నష్టమే. అమెరికాలో పెద్ద ప్లాస్టిక్ పాలడబ్బాను నడిమికి కోసి, గింజలు వేసి, మళ్లీ మూసి, మంచులోనే ఆరుబయట వదిలేసే పద్ధతి ఒకటుంది. వాళ్ల కష్టం చలి. బాగేపల్లి ఏప్రిల్ ఎండలో అలా మూసిన డబ్బా పెడితే గింజ ఉడికిపోతుంది. గుడ్ల అట్టల గుంతలు కూడా ఇక్కడి పొడిగాలికి పూట తిరక్కముందే ఎండిపోతాయి. టమోటా గింజ బాగా మొలిచే వేడి 25 నుంచి 30 డిగ్రీలు. ఆ వేడి ఇక్కడ ఊరికే దొరుకుతుంది. మనం సమకూర్చాల్సింది నీడ.

మట్టి సంగతి. ఒట్టి ఎర్రమన్ను తడిసి ఆరితే గట్టిపడుతుంది, సన్నగింజ దాన్ని చీల్చుకుని పైకి రాలేదు. ఎర్రమన్ను, బాగా మాగిన పేడ ఎరువు, ఇసుక సమపాళ్లలో కలిపి జల్లించుకోవాలి. ఇసుక బదులు పీచు పొట్టు వాడితే రెండు మూడు సార్లు నీళ్లలో కడిగి ఉప్పు పోగొట్టాలి. గింజ మందానికి రెండింతల లోతు చాలు. టమోటా, వంగ గింజలకు అర సెంటీమీటరు. టమోటా వారం లోపే మొలుస్తుంది. మిరపకు రెండు వారాలు కూడా పట్టవచ్చు, తొందరపడి తవ్వి చూడకూడదు.

నీళ్లు పైనుంచి పోయకపోవడం మంచిది. పళ్లెంలో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి కప్పుల్ని అందులో పావుగంట ఉంచితే మట్టి కింది నుంచి పీల్చుకుంటుంది. గింజ కొట్టుకుపోదు, కాడ తడవదు, నారుకుళ్ళు తెగులు తగ్గుతుంది. ఆ తెగులు సోకితే నిన్న నిలబడిన మొలక నేడు మట్టి దగ్గర మెత్తబడి ఒరిగిపోతుంది. గింజలు ఒత్తుగా వేయడం, రోజంతా తడిగా ఉంచడం దానికి దారి.

ఇక్కడ ఇంకో చిక్కుంది. బాగేపల్లి ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. అందుకే ఊళ్లలో నీటి శుద్ధి కేంద్రాలు పెట్టారు. వాటి నుంచి బయటికి పోయే వ్యర్థ జలం వృథా అవుతోందని నారుకు పోయాలనిపించవచ్చు. పోయకూడదు. అందులో లవణాలు బోరు నీళ్లకంటే ఎక్కువగా ఉంటాయి. లేత వేరు తట్టుకోలేదు. ఇంటి కప్పు మీది వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే నారుకు వాటిని మించినవి లేవు.

అన్నిటికంటే పెద్ద శత్రువు తెల్లదోమ. మిల్లీమీటరంత పురుగు ఆకుముడత వైరస్‌ను మోసుకొస్తుంది. నారు దశలో సోకిన మొక్క దాదాపు కాపుకు రాదు. వేసవిలో దీని ఉధృతి ఎక్కువ. మామూలు దోమతెర కన్నుల్లోంచి ఇది దూరిపోతుంది. వెలిసిన పల్చటి నూలు పంచెను వంచిన పుల్లల మీద గుడారంలా కప్పి, అంచులు రాళ్లతో అదిమితే ఇంటికి సరిపోయే నెట్‌హౌస్ అదే.

గింజల విషయంలో చిన్న జాగ్రత్త. మార్కెట్టు టమోటాలు చాలావరకు హైబ్రిడ్లు, వాటి గింజల నుంచి తల్లిలాంటి కాయ వస్తుందని చెప్పలేం. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ రూపొందించిన అర్కా వికాస్ లాంటి రకమైతే సొంతంగా విత్తనం కట్టుకోవచ్చు. పండిన కాయ గుజ్జును ఒకటి రెండు రోజులు పులియనిచ్చి కడిగితే మొలకను ఆపే జిగురు పోతుంది. ఆ తర్వాత నీడలో ఆరబెట్టాలి.

అన్నిటికీ కప్పులు అక్కర్లేదు. బెండ, చిక్కుడు, ముల్లంగి, క్యారట్ నేరుగా నేలలో వేయాలి. బీర, సొర, కాకర వేర్లకు కదిలిస్తే కోపం. వాటిని పేపరు చుట్టి చేసిన గొట్టంలో మొలిపించి, గొట్టంతో సహా నాటేయాలి. నాటడానికి మూడు నాలుగు రోజుల ముందు నుంచి నీళ్లు తగ్గించి, ఎండకు కాస్త కాస్త అలవాటు చేసి, సాయంత్రం పూట నాటాలి. శ్రావణంలో మిరప నాటాలనుకునేవాళ్లు జ్యేష్ఠంలోనే గింజలు పెట్టుకోవాలి. టమోటాకు ఆషాఢం నడిమిలో పెట్టినా సరిపోతుంది.